నిద్రలో మారిన ఒడి

జనవరి 24

చెల్లాయీ,

ముందు నీకు కావలసిన వార్త రాసి, తరువాత మిగిలినవి రాస్తాను. పాప క్షేమం.

నువ్వు గడప దాటిన సంగతి దానికి తెలియనే లేదు. నేను అనుకున్నది అనుకున్నట్టే నడిచింది. మధ్యాహ్నం రెండింటికి పాలు తాగి నీ ఒడిలో నిద్రపోయింది. ఆ నిద్రలోనే మీ వదిన ఒడిలోకి మారింది. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళావు. నాలుగింటికి లేచి, అటూ ఇటూ చూసి, కాస్త రాగం తీసింది, అంతే. రెండు రోజులు వెతికింది. మూడో రోజు నుంచి మీ వదిన పట్టిన సీసా పాలు బుద్ధిగా తాగుతోంది. మన ఇంటి పద్ధతి ఇదే కదా, వెళ్ళేవాళ్ళు పిల్లల కంట పడకూడదు. అమ్మ మనిద్దరినీ అలాగే వదిలి వెనక గుమ్మం నుంచి పనికి వెళ్ళేది. మనకేమైంది? నిక్షేపంలా ఉన్నాం.

ఐదు నెలల పసికందును వదిలి వచ్చానని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. శిక్షణలో ఉన్నవాళ్ళ క్వార్టర్లలో పిల్లల్ని ఉంచనివ్వకపోవడం నీ తప్పు కాదు. బావగారు ఎక్కడో దూరాన ఓడరేవులో క్రేను మీద ఉంటే పిల్లను ఎవరి చేతికిస్తావు? పరాయి పిల్లల్ని పెంచడం నేర్చుకోవడానికి సొంత పిల్లను పక్కన పెట్టి రావాలట. ఈ నియమం రాసినవాడికి మా రాత్రిబడి మాస్టారు సున్నా వేసి, ఎర్ర సిరాతో కింద గీత కూడా గీసేవారు. తొమ్మిది నెలలే. అక్టోబరులో వచ్చి తీసుకుపోదువుగాని.

ఫోను చేయవద్దన్నందుకు నొచ్చుకోకు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను గొంతు సవరించుకుంటూ కూర్చుంటాను, చెప్పవలసినది మిగిలిపోతుంది. పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల మధ్య నిలబడి, సాయంత్రాలు చదివి, ముప్పై తొమ్మిదో ఏట పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఉత్తరం రాయడం నాకు చేతనవును.

మీ వదిన దిండుగలీబులు కుడుతూ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటోంది. దానికి ‘సైరను’ అని పేరు కూడా పెట్టింది. మా లాండ్రీ సైరను కన్నా రెండు నిమిషాలు ముందే ఏడుపు అందుకుంటుంది మరి.

నీ మేలు కోరే
అన్నయ్య


ఫిబ్రవరి 20

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. ‘కాస్త రాగం తీసింది’ అన్న చోట కాగితం మెత్తబడిపోయింది.

భాష కూడా వేరైన ఈ ఊరి సంగతులు రాస్తే మీరు నమ్మరు. నేను పిల్లల పెంపకం నేర్చుకునే ఈ క్రెష్‌లో నాలుగు నెలల పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు ఇంట్లో పుట్టిన వారం నుంచే వేరే గదిలో, తలుపు మూసుకుని, ఒంటరిగా పడుకుంటారట. నేను మొదటి రోజు విని, ‘ఎవరికైనా అంటువ్యాధా?’ అని అడిగాను. గది గదంతా నవ్వింది.

అది ఒక ఎత్తు. పొద్దున్నే తల్లులు పిల్లల్ని దింపే పద్ధతి విను. తల్లి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. పిల్ల కళ్ళలోకి చూసి, ‘నేను వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను’ అని చెబుతుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. తల్లి లేచి, చూస్తుండగానే వెళ్ళిపోతుంది! ఏడిపించడమే పనిగా పెట్టుకున్నట్టు ఉంటుంది. మూడో రోజు నాకు మనసాగక ఒకావిడకు సాయం చేయబోయాను. గిలక్కాయ ఆడించి పిల్ల ముఖం అటు తిప్పి, ‘ఇప్పుడు జారుకోండి’ అని సైగ చేశాను. అన్నయ్యా, మా శిక్షణ చూసే పెద్దమేడం అందరి ముందూ నన్ను నిలబెట్టింది. ‘నువ్వు ఆ బిడ్డకు అబద్ధం చెప్పావు’ అంది. మాట్లాడలేని పసిపిల్లకు అబద్ధమేమిటి?

ఇక్కడ ఒక పరీక్ష గది కూడా ఉంది. తల్లీబిడ్డలతో పాటు ఎవరో తెలియని మనిషిని కూర్చోబెడతారు. తల్లి బయటికి వెళ్తుంది, కొన్ని నిమిషాలకు వస్తుంది. బిడ్డ ఏం చేస్తుందో అద్దం వెనక నుంచి చూస్తారు. దీనికి పెద్ద చదువులున్నాయట.

నాకు అప్పగించిన బాబుకు మన పాప వయసే. వాణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా నా జాకెట్టు తడిసిపోతుంది. చేతులు అడ్డం పెట్టుకుంటాను.

వదినకు నమస్కారాలు. పాప నా ఫోటో చూసి ఏమంటోందో రాయమను.

నీ చెల్లి


మార్చి 28

చెల్లాయీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. వేరే గది అన్న చోట మిషను ఆపేసింది. ‘మనుషులేనా వాళ్ళు?’ అంది. నేను చదువుకున్నవాణ్ణి కనుక అంత మాట అనను. అయినా పిల్ల చూస్తుండగా, ఏడుస్తుండగా వదిలిపోయే తల్లిని నేను ఊహించలేకపోతున్నాను. కసాయితనానికి చదువు ముసుగు వేస్తే అది శాస్త్రం అయిపోదు. నువ్వు వాళ్ళ పని నేర్చుకో, వాళ్ళ గుండె మాత్రం తెచ్చుకోకు.

మన పాప ఒక్క క్షణం నేల మీద ఉండదు. మీ వదిన, మా అమ్మాయి, పక్కింటి రిటైరైన డ్రైవరుగారు, ఆదివారాలు నేను. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళ దగ్గర ఉంటుంది. ఒంటరితనం అంటే ఏమిటో దానికి తెలియదు.

నీ ఫోటో విషయం: గోడకు తగిలించాం. చూస్తుంది. దాని చట్రం నాకడానికి ప్రయత్నిస్తుంది.

ఆ పరీక్ష సంగతి ఇంకా వివరంగా రాయి. ఎన్ని నిమిషాలు? తెలియని మనిషి ఆడా, మగా? దేనికి మార్కులు వేస్తారు? పరీక్షలంటే నాకు ఆసక్తి అని నీకు తెలుసు.

అన్నయ్య


ఏప్రిల్ 30

అన్నయ్యా,

పరీక్ష పేరు వింటే నీకు ఇంకా చేతులు దురద పెడతాయి కదూ! రాస్తాను విను. తల్లి మూడు నిమిషాలు బయట ఉంటుంది. తెలియని మనిషి ఎవరైనా పరవాలేదు. మార్కులు ఏడుపుకు కావు. తిరిగి వచ్చిన తల్లి దగ్గరకు బిడ్డ వెళ్తుందా, ఎత్తుకుంటే ఊరుకుంటుందా, ఊరుకుని మళ్ళీ ఆటలో పడుతుందా అని చూస్తారు. ఇక్కడి పిల్లలు కొందరు అసలు ఏడవరు. తల్లి పోయినా బొమ్మలతోనే, వచ్చినా బొమ్మలతోనే. ‘వీళ్ళకు తల్లి మీద ప్రేమ లేదా?’ అని అడిగాను. పెద్దమేడం, ‘ఒక్కో ఇంటి పిల్ల ఒక్కోలా చూపిస్తుంది. నీ ఇంటి కొలబద్దతో వీళ్ళను కొలవకు, మా కొలబద్దతో మీవాళ్ళనూ కొలవకూడదు’ అంది. ఆవిడ మాటలు మొదట కోపం తెప్పిస్తాయి, తరువాత నిద్ర పట్టనివ్వవు.

నాకు పాలు ఆగిపోయాయి. ఇది నీకు రాయవలసిన సంగతి కాదు, వదినకు చెప్పు.

చెల్లి


జూలై 2

చెల్లాయీ,

ఈ ఉత్తరం చదివేముందు కూర్చో. మంచి వార్త.

నీకున్న దిగులు నాకు తెలుసు. మన పెంపకంలో పాప ఎలా ఉందోనని నీ మనసులో పీకుతూ ఉంటుంది. అందుకని గత ఆదివారం ఆ పరీక్ష ఏదో మన ఇంట్లోనే, నియమం తప్పకుండా నిర్వహించాను. ముందు గదిలో చాప వేసి బొమ్మలు పెట్టాను. తెలియని మనిషిగా మా లాండ్రీ బాయిలరు ఆపరేటరును పిలిచాను. ఆయన మీసం చూస్తే పెద్దవాళ్ళే జడుసుకుంటారు. ‘సార్, నన్ను చూసి పిల్ల ఏడిస్తే నా తప్పు కాదండీ, ముందే చెబుతున్నా’ అని పదిసార్లు అన్నాడు. తల్లి స్థానంలో మీ వదిన కూర్చుంది. నేను కిటికీ వెనక గడియారం పట్టుకుని నిలబడ్డాను.

మీ వదిన లేచి వెళ్ళింది. పాప బొమ్మ వదిలేసింది. గుమ్మం వైపు పాకింది. తలుపు మీద అరచేతులతో బాదుతూ ఏడ్చింది. మూడు నిమిషాలు ఉండవలసింది, మీ వదిన నిమిషం నలభై సెకన్లకే తలుపు తోసుకుని వచ్చేసి, ‘మీ పరీక్ష తగలెయ్య!’ అంది. ఆ లోపాన్ని నేను నమోదు చేశాను. కానీ ఫలితం చూడు! పాప రెండు చేతులూ చాచింది. భుజం మీదకెక్కి, మెడలో ముఖం పెట్టి, రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది. కాసేపటికి దిగి, బాయిలరు ఆయన మీసం పట్టుకుని లాగి నవ్వింది.

నువ్వు రాసిన కొలతల ప్రకారం ఇది మొదటి శ్రేణి. సందేహం లేదు. మీ పెద్దమేడానికి చూపించు. తాళం వేసిన గదుల్లో పెంచకపోయినా, మన పిల్ల ఎవరికీ తీసిపోదని తెలుసుకుంటుంది.

సగర్వంగా,
అన్నయ్య


జూలై 19

అన్నయ్యా,

నువ్వు రాసినది నువ్వు మళ్ళీ చదువుకున్నావా?

ఆ పరీక్ష పిల్లకు పెట్టేది కాదు. పిల్లకు ఎవరు ఎవరో తెలుసుకోవడానికి పెట్టేది. ఎవరు వెళ్తే తలుపు బాదుతుందో, ఎవరు వస్తే మెడలో ముఖం పెట్టి ఊరుకుంటుందో, ఆ మనిషి ఎవరో చెప్పడానికి. నువ్వు గడియారం పట్టుకుని, కిటికీ వెనక నిలబడి, అంత చక్కటి దస్తూరీతో, నా కూతురికి తల్లి వదిన అని నాకు రుజువు చేసి పంపించావు. మొదటి శ్రేణిలో!

ఉత్తరం మా గదిలో చదివాను. చదివి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పక్క మంచం అమ్మాయి వచ్చి, ‘ఎవరైనా పోయారా?’ అని అడిగింది. ఏం చెప్పను? నేనే పోయాను అని చెప్పాలా?

‘తల్లి స్థానంలో మీ వదిన కూర్చుంది.’ ఎంత తేలిగ్గా రాశావు! నిద్రలో ఒడి మార్చమన్నది నువ్వు. ఫోను వద్దన్నది నువ్వు. నా గొంతు కూడా దాని చెవిన పడకుండా చేశారు. వదినకు ఆడపిల్ల ఉండనే ఉంది, ఇంకొకతె ఎందుకు?

అక్టోబరు ఐదున వస్తున్నాను. ఐదు రోజులుంటాను. పాప సామాను సర్ది ఉంచమను.

చెల్లి


ఆగస్టు 6

చెల్లికి,

నీ ఉత్తరం ముందు మీ వదిన చేతిలో పడింది. కవరు చింపి, నిలబడే చదివింది. చదివి నా చేతికిచ్చి, గలీబుల కట్ట విప్పి మళ్ళీ కట్టింది.

నేను నీ మేలు కోరి చేశాను. నా ఉద్దేశం వంకరగా అర్థం చేసుకోవడానికి నీకు హక్కు ఉంది కావచ్చు. నా భార్యను అన్న మాటకు మాత్రం లేదు.

అక్టోబరు ఐదు. సామాను సిద్ధంగా ఉంటుంది. ప్రయాణం రోజు ఏడుపులు లేకుండా చూసే బాధ్యత నాది.

అన్నయ్య


నవంబరు 3

అన్నయ్యా,

మూడు వారాలుగా రాయాలని కూర్చుని లేస్తున్నాను. నేను జూలైలో రాసిన మాటలకు క్షమాపణ ముందు పెట్టాలో, ఈ వార్త ముందు పెట్టాలో తెలియడం లేదు. వార్తే రాస్తాను.

మొదట్లో అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. మధ్యాహ్నం అది నిద్రపోగానే బండెక్కాం, ఏడుపు లేదు. మీ అందరి ముఖాలూ చూడకుండా వచ్చేశాను. రైల్లో లేచింది. నా ముఖం చూసింది. కిటికీ చూసింది. మళ్ళీ నా ముఖం చూసింది. నోరు తెరిచింది కానీ శబ్దం రాలేదు. నేను ‘బంగారు తల్లి, అమ్మ దగ్గర ఎంత బుద్ధిగా ఉందో’ అని అందరికీ చూపించుకున్నాను.

అన్నయ్యా, అప్పటి నుంచి అది ఏడవలేదు. పడినా ఏడవదు. వేడి పాలు నాలుకకు తగిలినా ఏడవదు. శిక్షణ పూర్తయింది కదా, మా క్రెష్‌లోనే చేర్చాను. నేను ‘వెళ్తున్నాను’ అంటే చూస్తుంది. వస్తే చూస్తుంది. తోటివాళ్ళు, ‘ఎంత స్థిమితమైన పిల్ల! ఎలా పెంచారు?’ అని మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. మన పిల్ల ఇక్కడి పిల్లల్లా అయిందనుకున్నాను.

పెద్దమేడం వారం రోజులు ఏమీ అనకుండా చూసింది. తరువాత నన్ను కూర్చోబెట్టి, ‘మీ ఇంట్లో ఈ పిల్ల తలుపు బాదేదన్నావు కదా. ఇక్కడివాళ్ళ పిల్ల ఏడవకపోతే నేను కంగారుపడను. తలుపు బాదే పిల్ల ఏడవడం మానేస్తే కంగారుపడతాను’ అంది.

ఇంకా ఉంది. అది పడుకోదు. మధ్యాహ్నం పిల్లలందరూ పడుకుంటే, ఇది మంచం కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. కళ్ళు మూతలు పడతాయి, మోకాళ్ళు వంగుతాయి, ఉలిక్కిపడి మళ్ళీ నిలబడుతుంది. నిలబడే కూలిపోతుంది. పెద్దమేడం దాన్నే చూస్తూ నన్ను అడిగింది: ‘ఈ పిల్ల నిద్రపోయినప్పుడు ఎవరెవరు మాయమయ్యారు?’

లెక్కపెట్టాను. మొదటిసారి నేను. రెండోసారి వదిన.

నా కూతురు నిద్ర మాని మమ్మల్ని కాపలా కాస్తోంది అన్నయ్యా. పద్నాలుగు నెలల పిల్ల.

ఒక మాట అడుగుతాను, కోపగించకు. నేను అక్కడున్న ఐదు రోజులూ వదిన పాపను ఒక్కసారైనా ఎత్తుకోలేదు. అది కాళ్ళకు చుట్టుకుంటే విడిపించుకుని వంటింట్లోకి పోయింది. నా మీద కోపం పిల్ల మీద చూపించిందని నేను మనసులో ఎన్ని అనుకున్నానో. అది నిజమేనా?

చెల్లి


నవంబరు 15

చెల్లాయీ,

నీ ఉత్తరం లాండ్రీలోనే విప్పాను. ఇస్త్రీ యంత్రం మీద దుప్పటి మాడిపోయింది. పాతికేళ్ళలో నా చేతుల మీదుగా ఒక్క దుప్పటి మాడలేదు.

రెండు నిజాలు నేను దాచాను.

మొదటిది. జనవరిలో నువ్వు వెళ్ళాక పాప రెండు రోజులు వెతికిందని రాశాను. రెండు కాదు, పదకొండు. ఆరు రోజులు సీసా నోట పెట్టనివ్వలేదు, చెంచాతో పోశాం. ఆసుపత్రికి తీసుకెళ్ళాం, బరువు తగ్గింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పన్నెండో రోజున మీ వదిన వేలు పట్టుకుంది. నువ్వు అక్కడ కుమిలిపోతావని, నేను పెద్దవాణ్ణి కనుక ఆ బరువు నేనే మోయాలని, ఆ తొమ్మిది రోజులనూ ఉత్తరంలోంచి తీసేశాను. అంటే, నా పద్ధతి తప్పు అని నాకు జనవరిలోనే తెలిసి ఉండాలి. నేను దాన్ని నీకు రాయలేదు కనుక, నేనూ మరిచిపోయాను. అక్టోబరులో మళ్ళీ అదే పని చేశాను.

రెండోది. మీ వదిన ఎత్తుకోకపోవడం. నీ జూలై ఉత్తరం చదివిన మర్నాటి నుంచే ఆమె పాపను ఎత్తుకోవడం తగ్గించింది. అన్నం మా అమ్మాయి చేత పెట్టించేది. ‘నన్ను కాస్త మరిస్తే తల్లి దగ్గరికి తేలిగ్గా పోతుంది’ అంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని గది గదీ తిరిగేది. ఒకరోజు స్నానాల గదిలో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, లోపల కూర్చుంది. బయట పిల్ల తలుపు బాదుతోంది. నేను రెండువైపులా విన్నాను. విని పేపరు చదువుకున్నాను.

మనం ముగ్గురం దాని మీద ప్రేమతోనే ఇదంతా చేశాం.

ఇక రాయలేను. మీ వదిన కలం అడుగుతోంది.

*అమ్మాయ్, మీ అన్నయ్య వాక్యం పూర్తిచేసేసరికి పిల్లకు పళ్ళన్నీ వస్తాయి. నేను వస్తున్నా. ఒక్కదాన్నే. నాకు భాష రాదు, దారి తెలీదు, అయినా వస్తున్నా, నువ్వు స్టేషనుకి రా చాలు. దాన్ని తీసుకుపోవడానికి కాదు, భయపడకు. నేను దానికి చెప్పకుండా వెళ్ళనిచ్చా. చెప్పి రావాలి. నువ్వు అన్న మాట గురించి మర్చిపో. నేనూ కొంచెం అలాగే అనుకున్నాలే, నాదే అని. వచ్చాక తిట్టుకుందాం.*


జనవరి 16

అన్నయ్యకు,

వదిన నిన్న బయలుదేరింది. ఈ ఉత్తరం ఆమె కన్నా ముందు చేరదని తెలుసు. ఆమె చెప్పనివి ఉంటాయి, అందుకని రాస్తున్నాను.

ఆమె వచ్చిన రోజున ఆమె, నేను ఎంత ఆశపడ్డామో. గుమ్మంలో పెట్టె పడేసి, చేతులు చాచి, ‘సైరనూ!’ అంది. పాప ఆమెను చూసింది. పోల్చుకుంది, అది మాత్రం నిజం, నేను చూశాను. పోల్చుకుని, ముఖం తిప్పుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. వదిన చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. రెండు రోజులు ఆమె వైపు చూడలేదు. వదిన దగ్గరకు జరిగితే నా వెనక్కి కూడా రాలేదు, మంచం కిందికి పాకింది. ‘పోనీలే, అలిగే హక్కు దానికుంది’ అని వదిన పైకి నవ్వి, నేల మీద మంచం పక్కనే కూర్చుని మా క్రెష్ బొమ్మల బట్టలు కుట్టింది.

మూడో రోజు మంచం కింది నుంచి వచ్చింది. వదిన ఎదురుగా నిలబడి, చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నేను ఆపబోతే వదిన, ‘కొట్టనీ, నువ్వు కదలకు’ అంది. ఐదారు దెబ్బలు కొట్టి, ఆ చేత్తోనే మెడ పట్టుకుని, నోరు తెరిచింది. అక్టోబరు నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. పై అంతస్తు ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు కొట్టాడు. భాష రాని వదిన ఆయనకు దండం పెట్టింది. ఆయన బిత్తరపోయి తిరిగి దండం పెట్టాడు.

తరువాత పెద్దమేడం చెప్పినట్టు చేశాం. మొదట వదిన, ‘నేను వీధి చివరి దాకా వెళ్తున్నా, వస్తా’ అని చెప్పి వెళ్ళి ఐదు నిమిషాల్లో వచ్చేది. తరువాత పావుగంట. తరువాత ఒక పూట. వెళ్ళేటప్పుడు పాప నా ఒళ్ళో ఉండేది, మెలకువగా ఉండేది. ప్రతిసారీ ఏడ్చేది. ప్రతిసారీ నేనే ఊరుకోబెట్టాను. ఊరుకోబెట్టడం నాకు అప్పటిదాకా రాదు అన్నయ్యా, అది నా దగ్గర ఎప్పుడు ఏడ్చిందని? పద్దెనిమిదో రోజున మధ్యాహ్నం, మా ఇద్దరి మధ్య చాప మీద, ఒక చేయి నా మీద, ఒక చేయి వదిన మీద వేసి పడుకుంది. మూడు గంటలు లేవలేదు. మేమిద్దరం కదల్లేదు, వదినకు చేయి తిమ్మిరెక్కి రంగు మారింది.

నిన్న గుమ్మం దగ్గర వదిన మోకాళ్ళ మీద కూర్చుంది. ‘నేను మా ఇంటికి వెళ్ళిపోతున్నా. సాయంత్రం రాను. ఇంక నువ్వు అమ్మ దగ్గరే ఉంటావు’ అంది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. పాపకు ఎంత అర్థమైందో తెలియదు, పూర్తిగా అర్థమైనట్టే ఏడ్చింది. వదిన లేచి, మేం చూస్తుండగానే మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూసింది కూడా. అంత ధైర్యం నాకు జీవితంలో రాదు.

పాప నన్ను గీరింది, భుజం మీద కొరికింది, జుట్టు లాగింది. గంటకు పైగా. తరువాత ముఖం నా మెడలో పెట్టింది. రెండు వెక్కిళ్ళు. నువ్వు జూలైలో రాసినట్టే, సరిగ్గా రెండు.

నాకు ఎంత భయం వేసిందో చెప్పలేను. ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

చెల్లి


ఫిబ్రవరి 4

చెల్లాయీ,

మీ వదిన చేరింది. నీ ఉత్తరం తరువాత చేరింది. ఇద్దరం విడివిడిగా చదివాం.

ఆమె నాకు ఏమీ చెప్పలేదు. పాప ఎలా ఉందంటే, ‘బాగుంది, తల్లిని వదలడం లేదు’ అంది. అంటూ నవ్వింది. మిషను దగ్గర కూర్చుంటుంది, దారం ఎక్కిస్తుంది, కుట్టదు. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషితో ఏం మాట్లాడాలో ఏ తరగతిలోనూ చెప్పలేదు. నేను వేళకు లేచి, అలవాటు ప్రకారం ఆమెకు నిద్రాభంగం కాకుండా నెమ్మదిగా తలుపు వేసి పనికి పోతున్నాను. అది ఆమె మీద నాకున్న గౌరవం అనుకున్నాను.

నిన్న సాయంత్రం అన్నం వడ్డిస్తూ, నా వైపు చూడకుండా, ‘రేపటి నుంచి నాకూ చెప్పి వెళ్ళండి’ అంది.

పళ్ళెంలో చేయి పెట్టినవాణ్ణి అలాగే ఉన్నాను. ఇరవై మూడేళ్ళ కాపురం చెల్లాయీ. ప్రతి ఉదయం ఆమె కళ్ళు తెరిచేసరికి నేను లేను. ఒక్కరోజు కూడా ఆమె అడగలేదు, కనుక ఒక్కరోజు కూడా నేను ఆలోచించలేదు.

ఈ ఉదయం బూట్లు తొడుక్కుని, గది గుమ్మంలో నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. ‘నేను వెళ్తున్నాను’ అన్నాను. ఎవరికో ఉపన్యాసం ఇస్తున్నట్టు వచ్చింది. ఆమె దుప్పటి తొలగించి లేచి కూర్చుంది.

‘ఎప్పుడొస్తారు?’

‘నాలుగింటికి.’

‘సరే’ అంది. సరే అని, ఏడవడం మొదలుపెట్టింది. నీ ఉత్తరంలో పాప ఏడ్చినంతసేపు ఏడ్చింది. నేను బూట్లతోనే మంచం మీద కూర్చున్నాను. ఊరుకోబెట్టడం నాకూ రాదు. ఆమె తల నా భుజానికి ఆనించింది, నేను కదలలేదు.

పనికి గంటన్నర ఆలస్యంగా వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఇదే మొదలు. హాజరు పుస్తకంలో ‘కారణం’ అన్న గడి దగ్గర కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నేను పర్యవేక్షకుణ్ణి, ఆ గడిని ఎవరైనా ఖాళీగా వదిలితే మందలించేవాణ్ణి. ఖాళీగానే వదిలి వచ్చాను.

అన్నయ్య